లాకుల వెంట ఎనిమిది రోజులు

సైకిలు తొక్కడానికి ఫ్రాన్సు దాకా పోవాలా అని మా బ్రాంచిలో అందరూ నవ్వారు. నవ్వరా మరి! యాభై ఆరేళ్ళ వయసు, పొద్దునా సాయంత్రం షుగరు మాత్ర, చత్వారం కళ్ళజోడు, ముప్పై ఏళ్ళుగా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఇలాంటి మనిషి సెలవు పెట్టి, కాలువ గట్టు వెంట 240 కిలోమీటర్లు సైకిలు తొక్కుతానంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. "మీరు తొక్కండి. నేను టూలూజులో పసివాణ్ణి ఎత్తుకుని కూర్చుంటాను" అంది.

ఆ పసివాడు మా అక్క మనవడు. అక్కను యానాంలో ఇచ్చాము. ఫ్రెంచివారు వెళ్ళిపోయాక, 1962 ఆగస్టు 16న యానాం చట్టరీత్యా భారతదేశంలో కలిసినప్పుడు, కావాలనుకున్నవారు ఆరు నెలల్లోగా రాసిచ్చి ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చన్నారు. అలా రాసిచ్చిన కుటుంబాల్లో మా బావగారి కుటుంబం ఒకటి. ఆ కాగితం పుణ్యమా అని మా మేనల్లుడు ఈనాడు దక్షిణ ఫ్రాన్సులోని టూలూజు నగరంలో విమానాల తయారీలో ఇంజనీరుగా ఉన్నాడు. వాడే ఫోను చేశాడు. "మావయ్యా, మా ఇంటికి నాలుగడుగుల్లో కాలువ. గట్టు మీద సైకిలు దారి సముద్రం దాకా ఉంది. నీకు కాలువలంటే ఇష్టం కదా, రా" అన్నాడు.

కాలువలంటే ఇష్టమని వాడు ఎందుకన్నాడో చెప్పాలి. మా నాన్నగారు గోదావరి తూర్పు డెల్టాలో ఒక లాకు దగ్గర లస్కరుగా పనిచేశారు. నగరాల్లో పుట్టిన మన పిల్లల కోసం చెబుతున్నాను: కాలువలో ఎగువ నీటి మట్టం ఒకటి, దిగువ మట్టం మరొకటి ఉన్నచోట పడవ దిగడానికీ ఎక్కడానికీ కట్టిన నీటి గదిని లాకు అంటారు. ముందు ఒక జత తలుపులు, వెనక ఒక జత తలుపులు. పడవ లోపలికి వచ్చాక తలుపులు మూసి, నీరు వదిలితే పడవ దిగుతుంది, నింపితే లేస్తుంది. నా చిన్నతనంలో, 1970ల్లో, ఇంకా కొన్ని ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు తిరిగేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. లాకు పక్కనే మా క్వార్టరు.

కాకినాడలో బి.కాం. చదివే రోజుల్లో మీ నాన్నగారేం చేస్తారని స్నేహితులు అడిగితే "పి.డబ్ల్యు.డి.లో పని" అనేవాణ్ణి. లస్కరు అన్న మాట నా నోటి వెంట రాలేదు. ఉద్యోగం వచ్చి చెన్నపట్నం చేరాక నాన్నగారు ప్రతి సంక్రాంతికీ ఒకటే మాట: "ఈసారి నాలుగు రోజులు ఎక్కువ సెలవు పెట్టరా. ఇద్దరం సైకిళ్ళ మీద గట్టు వెంట ధవళేశ్వరం దాకా పోయి, తల లాకులు చూసి వద్దాం." నేను ప్రతిసారీ వచ్చే ఏడాది అనేవాణ్ణి. మిగిలిన సెలవులు ఎన్‌క్యాష్ చేసుకునేవాణ్ణి. 2011లో ఆయన పోయారు.

2024 సెప్టెంబరులో నేను ఒప్పుకున్నది అందుకే. బ్రాంచిలో ఎవరికీ ఇది చెప్పలేదు.

ఉప్పు పన్ను వసూలుదారు

ఈ కాలువ పేరు కనాల్ ద్యు మిది, అంటే దక్షిణ దేశపు కాలువ. టూలూజు దగ్గర గారోన్ నది నుంచి మధ్యధరా తీరంలోని తో సరస్సు దాకా 240 కిలోమీటర్లు. గారోన్ నది అట్లాంటిక్ సముద్రంలో కలుస్తుంది కనుక ఈ కాలువతో రెండు సముద్రాలకూ లంకె కుదిరింది. అంతకు పూర్వం సరుకు స్పెయిను చుట్టూ, జిబ్రాల్టరు మీదుగా ఓడల్లో తిరిగి రావలసిందే. 1996లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

నేను కామర్సు విద్యార్థిని. చరిత్ర పుస్తకం కన్నా బ్యాలెన్సు షీటు నాకు త్వరగా అర్థమవుతుంది. కనుక ఈ కాలువ కథ లెక్కల్లోనే చెబుతాను. దీన్ని కట్టినవాడు పియేర్ పోల్ రికే. ఇంజనీరు కాడు. రాజుగారి ఉప్పు పన్ను వసూలు కాంట్రాక్టరు. పని మొదలయ్యేనాటికి యాభై దాటినవాడు. 14వ లూయీ 1666లో అనుమతి ఇచ్చాడు. ఖర్చులో సుమారు అయిదింట రెండు వంతులు రాజు, మరో రెండు వంతులు ఆ రాష్ట్రపు సభ పెట్టుకుంటే, మిగిలిన ఒక వంతు రికే సొంత పూచీ. ప్రతిఫలంగా కాలువ మీద సుంకం వసూలు హక్కు అతనికీ అతని వంశానికీ దక్కుతుంది. కాని పైసా రావాలంటే కాలువ పూర్తికావాలి.

ఇలాంటి అప్లికేషన్ నా బల్ల మీదికి వచ్చి ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకు బాగా తెలుసు. వయసు ఎక్కువ, అనుభవం లేదు, సెక్యూరిటీ చాలదు, రాబడి ఎప్పుడో తెలియదు. "నాట్ రికమెండెడ్" అని రాసి సంతకం పెట్టి, కాఫీకి వెళ్ళేవాణ్ణి.

నా భయాలన్నీ నిజమే అయ్యాయి కూడా. రికే అప్పుల మీద అప్పులు చేశాడు. కూతుళ్ళ కట్నాల డబ్బు కూడా ఇందులోనే పోశాడని చెబుతారు. కొద్ది దూరం మిగిలి ఉండగా 1680 అక్టోబరులో చనిపోయాడు. 1681 మే నెలలో కాలువ తెరిచారు. మొదటి పడవల ఊరేగింపు చూడడానికి అతను లేడు. కొడుకులు అప్పులు తీర్చుకుంటూ వచ్చి, లాభం కళ్ళజూసింది 1724లో. అంటే తండ్రి పోయిన 44 ఏళ్ళకు.

ఇంకొక లెక్క. పని జోరుగా సాగిన రోజుల్లో పన్నెండు వేల మంది దాకా కూలీలు. వారిలో స్త్రీలూ చాలామంది. రికే వారికి నెల జీతం ఇచ్చాడు. వాన పడి పని ఆగినా, పండగ వచ్చినా జీతం కోసేవాడు కాదు. 17వ శతాబ్దంలో ఇది వింత. రైతుకూలీలు పొలం వదిలి రావాలంటే ఇదొక్కటే మార్గమని అతనికి తెలుసు.

నీళ్ళు విడిపోయే చోటు

టూలూజులో బయలుదేరేనాడు మా ఆవిడ అటుకులు, కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ పొట్లాలు కట్టి వెనక చక్రానికి రెండు వైపులా వేలాడే సంచుల్లో సర్దింది. మేనల్లుడు నాకు తోడు. సైకిళ్ళు అద్దెవి. మొదటి యాభై కిలోమీటర్లు తారు వేసిన దారి. రెండు పక్కలా ప్లేన్ చెట్లు. కాశ్మీరు వెళ్ళినవారు చూసిన చినారు చెట్టుకు ఇది దగ్గర బంధువు. కొమ్మలు నీటి మీదికి వంగి పైన పందిరిలా కలుస్తాయి. మొదటిరోజు ముప్పై అయిదు కిలోమీటర్లకే నా తొడలు రాళ్ళయ్యాయి. గదిలో మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాను.

రెండోరోజు పొద్దున నోరూజ్ చేరాము. ఇది కాలువలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు, సముద్ర మట్టానికి 189 మీటర్లు. కాలువ కొండెక్కాలంటే ఎత్తు మీదికి నీరెక్కడిది? ఎందరో ఆగిపోయింది ఈ ప్రశ్న దగ్గరే. రికే సమాధానం చూడండి. ఉత్తరాన ఉన్న నల్లకొండల వాగులన్నీ పిల్లకాలువలతో పట్టి, సేంఫెరియోల్ దగ్గర పెద్ద చెరువు కట్టి, ఆ నీటిని నోరూజ్‌కు తెచ్చాడు. ఇక్కడి నుంచి ఒక పాయ అట్లాంటిక్ వైపు, ఒక పాయ మధ్యధరా వైపు పోతుంది. చెట్ల నడుమ ఆ పిల్లకాలువ మెల్లగా వచ్చి కలుస్తుంటే చాలాసేపు నిలబడి చూశాను. మూడున్నర శతాబ్దాలుగా ఆ నీళ్ళు అలా వస్తూనే ఉన్నాయి. పక్కనే రికే వంశస్థులు 1827లో నిలిపిన స్తంభం ఉంది.

ఆ మధ్యాహ్నం కాస్తెల్నోదరి. ఊరి పేరుతో పాటు చెప్పే వంట కాసూలే: తెల్ల చిక్కుడు గింజలు, బాతు మాంసం, పంది మాంసం మట్టిపాత్రలో గంటల తరబడి ఉడికిస్తారు. మన ఉలవచారుకున్నంత పేరు దానికి. నాకు పంది మాంసం పడదు కనుక మేనల్లుడు తిన్నాడు, నేను ఆమ్లెట్టు, రొట్టె తిని వాడి ముఖం చూశాను.

అక్కడి నుంచి తారు లేదు. మట్టిదారి, చెట్ల వేళ్ళు, గుంటలు. మూడోరోజు ఒక వేరు మీద నా ముందు చక్రం జారి పక్కకు పడ్డాను. మోచెయ్యి గీరుకుంది, టైరు పంక్చరు. అటుగా వచ్చిన ఒక ముసలి జంట సైకిళ్ళు ఆపి, ఏమీ అడక్కుండానే సంచిలోంచి పంపు, జిగురు తీశారు. ఆయనకు 74 ఏళ్ళట. నా వయసు అడిగి, "కుర్రవాడివే" అన్నట్టు భుజం తట్టాడు.

ఒక ఊరు చేసిన పొదుపు

కార్కసోన్ కోట సినిమా సెట్టింగులా ఉంటుంది. రెండు ప్రాకారాలు, బురుజులు. దాని గురించి గైడు పుస్తకాలు చాలా చెబుతాయి. నాకు నచ్చింది వేరే కథ. కాలువ మీ ఊరి మీదుగా తెస్తాను, లక్ష లీవ్రులు ఇవ్వండి అని రికే అడిగితే పట్టణ పెద్దలు ఇవ్వలేదు. కాలువ రెండు కిలోమీటర్ల దూరం నుంచి వెళ్ళిపోయింది. వ్యాపారం ఇతర రేవులకు పోయింది. చివరికి 1810లో, ఎంతో ఖర్చుపెట్టి, కాలువను ఊళ్ళోకి మళ్ళించుకున్నారు. ఒక పెద్దమనిషి మీటింగులో "బడ్జెటు లేదు" అనడం, మిగిలినవారు తల ఊపడం నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. అలాంటి మీటింగుల్లో నేనూ తల ఊపినవాణ్ణే.

కార్కసోన్ దాటాక నీడ పోయింది. మైళ్ళ తరబడి మోళ్ళు, వాటి మధ్య కర్రలు కట్టిన లేత మొక్కలు. 2006లో ఇక్కడి చెట్లకు ఒక బూజు తెగులు కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో అమెరికా సైన్యంతో వచ్చిన చెక్కపెట్టెల్లో ఈ తెగులు ఫ్రాన్సుకు చేరిందంటారు. వేళ్ళు ఒకదానికొకటి అల్లుకుని ఉండడం వల్ల చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. మందు లేదు. కొట్టి, అక్కడే కాల్చివేయడం ఒక్కటే దారి. మొత్తం 42,000 ప్లేన్ చెట్లలో సగానికి మించి పోయాయి. ఎండలో తొక్కుతూ ఆ మొక్కల్ని చూశాను. ఇవి పందిరి వెయ్యడానికి యాభై ఏళ్ళు పడుతుంది. నాటేవాళ్ళెవరూ ఆ నీడలో నడవరు. అయినా నాటుతున్నారు.

మానివెల

ఆ రోజే మధ్యాహ్నం ఒక లాకు దగ్గర ఆగాము. ఇక్కడి లాకులు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. మొదట్లో నిటారు గోడలు కడితే ఒకటి కూలిపోయిందని, మట్టి ఒత్తిడికి ఆగేలా గోడల్ని వంచి కట్టారు. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా భోజన విరామం. మూడు పడవలు బుద్ధిగా కాచుకుని ఉన్నాయి. మా కౌంటరు ముందు ఇలా కూర్చోమంటే పై ఆఫీసుకు ఫిర్యాదులు వెళ్ళేవి.

విరామం అయ్యాక లస్కరు వచ్చింది. అవును, ఆడమనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. బటను నొక్కితే తలుపులు తెరుచుకుంటున్నాయి. నేను గోడ పక్కన నిలబడి నీరు సుడి తిరగడం, పడవ అంగుళం అంగుళం దిగడం చూస్తున్నాను. అదే తడి నాచు వాసన. తలుపుల సందుల్లోంచి అదే సన్నని ధార. అంతసేపు అలా చూస్తున్నాననో ఏమో, ఆమె ఏదో అడిగింది. మేనల్లుడు నా వైపు చూశాడు. "మా నాన్న లాకు లస్కరు అని చెప్పరా" అన్నాను.

ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. అదీ తెలుగు రాని మనిషితో.

ఆమె ముఖం విప్పారింది. మీ దగ్గర తలుపులెలా తెరుస్తారని అడిగింది. నేను చేతులతో చూపించాను. ఆమె లోపలికి వెళ్ళి, గోడకు అలంకారంగా తగిలించిన పాత ఇనుప మానివెల తెచ్చి నా చేతిలో పెట్టింది. మరలు తిప్పే పిడి. బరువుగా, పట్టుకునే చోట నున్నగా ఉంది. నాన్నగారి అరచేతులు గుర్తొచ్చాయి. ఆ కాయలు ఎక్కడ పడతాయో పట్టుకుంటే తెలిసింది. ఆమె ఇల్లు లాకు పక్కనే. గోడ మీద పలక: ఎగువ లాకు ఇంత దూరం, దిగువ లాకు ఇంత దూరం అని. మా క్వార్టరు గోడ మీద కూడా సున్నంతో నంబరు వేసి ఉండేది.

బయలుదేరుతుంటే ఆమె అడిగింది: "మీ నాన్నగారి లాకు ఇప్పుడూ ఉందా?"

నాకు జవాబు తెలియలేదు. 2011లో దినకర్మలకు వెళ్ళినప్పుడు చూశానంతే. రోజూ ఆఫీసుకు వెళ్ళే రైలు కింద బకింగ్‌హామ్ కాలువ కనిపిస్తుంది. ఒకప్పుడు చెన్నపట్నానికీ కృష్ణా డెల్టాకూ పడవలు నడిచిన కాలువ, ఇప్పుడు మురుగు. ముక్కు మూసుకుని పేపరు చదువుకుంటాను. సొంత లాకు గురించి అడిగితే ఏం చెప్పను? "తెలుసుకుని చెబుతాను" అన్నాను. ఆమె తన నంబరు మేనల్లుడి ఫోనులో ఎక్కించింది.

సముద్రం దాకా

ఆ తర్వాత దారంతా ద్రాక్షతోటలు. కోతల కాలం. ట్రాక్టరు తొట్లలో నల్లని గుత్తులు, ఊళ్ళ నిండా పులిసిన వాసన. సోమాయ్ అనే చిన్న పల్లెలో వంపు తిరిగిన రాతి వంతెన, పక్కన చిన్న గుడి, ఒక పెద్ద పాత పుస్తకాల కొట్టు. కాపెస్తాంగ్ దాటాక మల్పాస్ సొరంగం. 1679లో కొండను తొలిచి కాలువను లోపలి నుంచి పంపారు. ఐరోపాలో పడవల కాలువ కోసం తవ్విన మొదటి సొరంగం ఇదే. కొండ కూలుతుందని పై అధికారులు పని ఆపమంటే, రికే మనుషులు చప్పుడు చేయకుండా తవ్వేశారని చెబుతారు.

రికే పుట్టిన ఊరు బేజియే. ఊరి ముందు ఫోన్సెరాన్ దగ్గర ఎనిమిది నీటి గదులు మెట్లలాగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పడవ 21 మీటర్లకు పైగా దిగుతుంది. వందలమంది జనం గట్టున కూర్చుని తిరునాళ్ళలా చూస్తున్నారు. ఈ కాలువలో సరుకు పడవలు ఆగిపోయి దశాబ్దాలైంది. రైలు దాని వ్యాపారాన్ని 19వ శతాబ్దంలోనే దెబ్బతీసింది. అయినా నీరు పొలాలకు పారుతోంది, షికారు పడవలు తిరుగుతున్నాయి, గట్టు మీద నాలాంటి వాళ్ళు రొట్టె, గది, సైకిలు మరమ్మతు కొంటున్నారు. రికే అప్లికేషన్‌లో ఈ రాబడి ఎక్కడా రాసి ఉండదు. లెక్క మూసేశామనుకున్న ఖాతాలో ఇంకా జమ పడుతోంది.

ఎనిమిదో రోజు అగ్ద్ దాటి, ఎదురుగాలిలో, తో సరస్సు ఒడ్డున దీపస్తంభం దగ్గర కాలువ ముగిసింది. మా ఆవిడ, మేనల్లుడి భార్య రైల్లో అగ్ద్ దాకా వచ్చి, అక్కడ కారు కట్టించుకుని మాకన్నా ముందే చేరారు. "నడుము ఉందా పోయిందా?" అని అడిగి, స్టీలు డబ్బాలో పులిహోర చేతికిచ్చింది.

వెళ్ళాలనుకునే వారికి రెండు మాటలు. సెప్టెంబరు మంచి నెల, ఎండ తగ్గుతుంది. సోమవారాలు పల్లెల్లో చాలా కొట్లు మూసి ఉంటాయి, ఆదివారమే రొట్టె కొనుక్కోండి. ఇళ్ళల్లో గదులు అద్దెకిస్తారు. మాకు ఇద్దరికి పొద్దుటి ఫలహారంతో కలిపి రాత్రికి 80 యూరోలు దాటలేదు. ట్యూబు, పంపు తప్పనిసరి. రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లు చాలు, పందెం కాదు.

తిరిగి వచ్చాక, ఈ సంక్రాంతికి, అక్కతో కలిసి మా లాకు దగ్గరికి వెళ్ళాను. క్వార్టరుకు కప్పు లేదు, లోపల తుమ్మచెట్టు మొలిచింది. లాకు పాత తలుపులు లేవు. రాతి గోడలు మాత్రం చెక్కుచెదరలేదు. దాళ్వా నాట్ల కాలం కనుక కాలువ నిండుగా పారుతోంది. మర్నాడు తెల్లవారుజామున బావగారి పాత సైకిలు తీసుకుని గట్టు ఎక్కాను. కొన్నిచోట్ల దిగి నడిపించాను. పదకొండు గంటలకు ధవళేశ్వరం చేరాను. 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది. కాలువల తల లాకుల దగ్గర కాసేపు కూర్చున్నాను. ఇద్దరం రావలసింది.

లాకు ఫోటో మేనల్లుడికి పంపి, ఆమెకు చెప్పమన్నాను: "ఉంది. తలుపులు లేవు. నీళ్ళు పారుతున్నాయి."

బ్యాంకు మనిషిగా చివరికి ఒక సలహా ఇస్తాను. మీ నాన్నగారు ఎక్కడికైనా కలిసి పోదాం రారా అంటే, ఆ ఏడాది సెలవు మాత్రం ఎన్‌క్యాష్ చేసుకోకండి.